అయిదో ఏడాది లెక్క: ఇంగ్లీషు సాహిత్యంలో జంట డిగ్రీలు

అమెరికా విశ్వవిద్యాలయాలలో నాలుగేళ్ళ బ్యాచిలర్స్ పట్టాను, సాధారణంగా ఆపైన రెండేళ్ళు పట్టే మాస్టర్స్ పట్టాను కలిపి అయిదేళ్ళలో ముగించే చదువును విద్యార్థులు వాడుకలో ‘ఫోర్ ప్లస్ వన్’ అంటారు. విశ్వవిద్యాలయాలు మాత్రం దీనికి తలా ఒక పేరు పెట్టుకున్నాయి. వర్జీనియాలోని జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయం దీనిని ‘బ్యాచిలర్స్ టు యాక్సిలరేటెడ్ మాస్టర్స్’ అంటుంది, టెక్సాస్ విశ్వవిద్యాలయపు డాలస్ శాఖ ‘ఫాస్ట్ ట్రాక్’ అంటుంది, జార్జియా విశ్వవిద్యాలయం తన బుల్‌డాగ్ గుర్తును తలుచుకుని ‘డబుల్ డాగ్స్’ అంటుంది, ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం ‘సబ్‌మెట్రిక్యులేషన్’ అనే బరువైన మాట వాడుతుంది. పేర్లు ఎన్నయినా లోపలి ఏర్పాటు దాదాపు ఒక్కటే. కంప్యూటర్ సైన్సులోనో ఇంజనీరింగులోనో ఈ దారి పట్టే పిల్లలు ఫెయిర్‌ఫాక్స్, రిచర్డ్‌సన్ వంటి ఊళ్ళ తెలుగు కుటుంబాలలో కొత్త కాదు. అదే దారిని ఇంగ్లీషు సాహిత్యంలో పట్టదలచిన విద్యార్థికి మాత్రం ఇంట్లో సలహా చెప్పేవారు దొరకడం కష్టం. ఈ అధ్యాయం ఆ విద్యార్థిని, ఆ విద్యార్థి తల్లిదండ్రులను ఉద్దేశించినది.

ఏర్పాటు అర్థం కావాలంటే ముందు ‘క్రెడిట్’ అనే కొలత తెలియాలి. వారానికి ఒక గంట తరగతి, దానికి తోడు తరగతి బయట కనీసం రెండు గంటల సొంత చదువు, ఇవి సుమారు పదిహేను వారాల సెమిస్టరు పొడవునా సాగితే ఒక క్రెడిట్ అవుతుందని ఫెడరల్ నిబంధన స్థూలంగా చెబుతుంది. ఒక కోర్సుకు మామూలుగా 3 క్రెడిట్లు, బ్యాచిలర్స్ పట్టాకు సాధారణంగా 120, ఇంగ్లీషు ఎం.ఏ.కు చాలాచోట్ల 30 నుంచి 36. రెండింటినీ విడివిడిగా చదివేవారు కనీసం 150 క్రెడిట్లు పూర్తిచేయాలి. జంట డిగ్రీలో చేరినవారు నాలుగో ఏట తీసుకునే కొన్ని గ్రాడ్యుయేట్ కోర్సులు, అంటే మాస్టర్స్ స్థాయి కోర్సులు, రెండు పట్టాల ఖాతాలలోనూ జమ అవుతాయి. ఇలా రెండుసార్లు లెక్కకు వచ్చేవి తరచుగా 9 లేదా 12 క్రెడిట్లు. 30 క్రెడిట్ల ఎం.ఏ.లో 12 ముందే జమపడితే మిగిలేవి 18. గ్రాడ్యుయేట్ విద్యార్థి పూర్తికాలపు భారం సాధారణంగా సెమిస్టరుకు 9 కనుక అవి సరిగ్గా రెండు సెమిస్టర్లకు సరిపోతాయి, అయిదో ఏడు అక్కడికి ముగుస్తుంది. ఎం.ఏ.కు 36 క్రెడిట్లు అడిగి 9 మాత్రమే ఉమ్మడిగా అనుమతించే చోట మిగిలేవి 27, అంటే రెండు సెమిస్టర్లతో పాటు మరో సెమిస్టరుకు సరిపడా పని. అక్కడ ‘ప్లస్ వన్’ అనే ‘వన్’ కాగితం మీద మాటే. ప్రకటన పత్రంలో పెద్ద అక్షరాలతో అచ్చువేసిన పేరు కన్నా ఈ రెండు అంకెలను, ఎం.ఏ. మొత్తం క్రెడిట్లను, ఉమ్మడి క్రెడిట్లను ముందుగా కనుక్కోవడం విద్యార్థి చేయవలసిన మొదటి పని.

హైస్కూలులోనే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షలు, అంటే వాడుకలో ఏపీ పరీక్షలు, అరడజను దాకా రాసి కళాశాలలో అడుగుపెట్టే తెలుగు పిల్లలకు మరో ఆశ కలుగుతుంది: ముందే సంపాదించిన క్రెడిట్లను కూడా కలుపుకుంటే రెండు పట్టాలూ నాలుగేళ్ళలోనే వస్తాయి కదా అని. లెక్క తప్పు కాదు. అయితే 1 నుంచి 5 వరకు అంకెలిచ్చే ఆ పరీక్షలలో ఇంగ్లీషు సాహిత్యంలో వచ్చిన 5 కూడా చాలా విశ్వవిద్యాలయాలలో మొదటి ఏటి రచనాభ్యాసపు కోర్సును గానీ, అందరికీ ఉమ్మడిగా ఉండే సాధారణ విద్య అవసరాన్ని గానీ తీరుస్తుందే తప్ప, సాహిత్యం ‘మేజర్’ లోపలి పై స్థాయి కోర్సుల బదులుగా నిలవదు. ఏపీ క్రెడిట్లు సాహిత్య విద్యార్థికి నిజంగా ఇచ్చేది ఖాళీ సమయం. గణితం, చరిత్ర, ప్రభుత్వ శాస్త్రం వంటి సాధారణ అవసరాలు ముందే తీరిపోతే రెండో ఏటి నుంచే సాహిత్యపు కోర్సులకు చోటు దొరుకుతుంది. ఆ చోటును ఏడాది తగ్గించుకోవడానికి వాడాలా, ఎక్కువ చదవడానికి వాడాలా అన్నది అసలు ప్రశ్న. ఈ అధ్యాయం మొగ్గు రెండోవైపే.

ఆ మొగ్గుకు కారణం సాహిత్యం అనే చదువు స్వభావంలోనే ఉంది. క్రెడిట్‌ను రెండు ఖాతాలలో వేయవచ్చు గానీ పుటను రెండు రెట్ల వేగంతో చదవడం కుదరదు. జార్జ్ ఇలియట్ నవల ‘మిడిల్‌మార్చ్’ 1871 డిసెంబరు నుంచి 1872 డిసెంబరు వరకు ఎనిమిది భాగాలుగా వెలువడింది. అంటే దాని తొలి పాఠకులు ఆ కథతో ఏడాది పాటు కాపురం చేశారు, భాగానికీ భాగానికీ నడుమ పాత్రల గురించి వాదులాడుకున్నారు. వారపత్రిక సీరియల్ కోసం ఎదురుచూసిన తెలుగు తరానికి ఆ అనుభవం తెలియనిది కాదు. ఇప్పుడు ఒక గ్రాడ్యుయేట్ సెమినార్‌లో ఆ ఎనిమిది వందల పైచిలుకు పుటల నవలకు రెండు వారాలు, మహా అయితే మూడు వారాలు దొరుకుతాయి. గంటకు నలభై పుటలు చదివే విద్యార్థికి ఒక్కసారి చదవడానికే ఇరవై గంటలకు పైగా పడుతుంది. పైన చెప్పిన కొలత ప్రకారం మూడు క్రెడిట్ల కోర్సుకు తరగతి బయట వారానికి దొరికేవి ఆరు గంటలు. నవలతో పాటు ప్రతివారం చదవవలసిన విమర్శ వ్యాసాలు వేరే ఉన్నాయి. అటువంటి కోర్సులు సెమిస్టరుకు రెండు, వాటికి తోడు మిగిలిపోయిన బ్యాచిలర్స్ కోర్సులు మూడు పెట్టుకున్న విద్యార్థి చదవడం మాని పుటలు తిప్పడం మొదలుపెడతాడు, అది తరగతిలో పది నిమిషాల్లో బయటపడుతుంది.

కనుక నాలుగో ఏటి ప్రణాళికలో మొదట చూడవలసినది భారం పంపకం. నాలుగు గ్రాడ్యుయేట్ కోర్సులను రెండు సెమిస్టర్లకు రెండేసి చొప్పున పంచి, ఆ రెండు సెమిస్టర్లలో మిగతావి తేలికగా ఉండేట్లు ముందు మూడేళ్ళలోనే ప్రయోగశాల శాస్త్రం, విదేశీ భాష, గణితం వంటి అవసరాలను ముగించి పెట్టుకోవడం మంచిది. సెమినార్ల పఠన జాబితాలు అడిగితే చాలామంది ఆచార్యులు వేసవికి ముందే ఇస్తారు. అందులోని పెద్ద నవలలను జూన్, జూలైలలో ఒకసారి చదివేసిన విద్యార్థికి సెమిస్టరులో చేయవలసినది రెండో పఠనం, సాహిత్యంలో ఆలోచన పుట్టేది సాధారణంగా ఆ రెండో పఠనంలోనే. వేసవిలో ఇంటర్న్‌షిప్ లేకుండా నవలలు చదువుతూ కూర్చున్న బిడ్డను చూసి తల్లిదండ్రులు కంగారుపడటం సహజమే గానీ, ఈ చదువులో ప్రయోగశాల పని అంటే అదే.

పఠన వేగం ఒక్కటే కాదు, రచన తీరు కూడా మారుతుంది. బ్యాచిలర్స్ స్థాయిలో ఎక్కువగా కోరేది ‘క్లోజ్ రీడింగ్’, అంటే రచయిత జీవితాన్నీ కాలాన్నీ పక్కనపెట్టి, ఎదుట ఉన్న పాఠంలోని మాటలను, లయను, ప్రతీకలను దగ్గరగా పరిశీలించి అర్థం లాగడం. ఐ.ఎ. రిచర్డ్స్ కేంబ్రిడ్జి విద్యార్థులకు కవుల పేర్లు చెప్పకుండా పద్యాలిచ్చి వారి స్పందనలను పరిశీలించి 1929లో ‘ప్రాక్టికల్ క్రిటిసిజం’ ప్రచురించిన నాటి నుంచి ఈ అభ్యాసం ఇంగ్లీషు విభాగాలకు పునాదిగా ఉంది. గ్రాడ్యుయేట్ సెమినార్ దానిని వదులుకోదు, కానీ దాని మీద ఇంకొక అంతస్తు కడుతుంది: ఆ పాఠం గురించి ఇప్పటికే ఎవరెవరు ఏమన్నారో తెలుసుకుని, వారిలో ఎవరితో ఎంతవరకు ఏకీభవించవచ్చో తేల్చి, ఇంతవరకు ఎవరూ గట్టిగా అనని ఒక మాటను ఆధారాలతో నిలబెట్టడం. ఎనిమిది పది పుటల వ్యాసం రాయడం అలవాటైన విద్యార్థి ఇరవై, ఇరవై అయిదు పుటల సెమినార్ వ్యాసం రాయవలసి వచ్చినప్పుడు మొదట చేసే పొరపాటు పాత వ్యాసాన్నే సాగదీయడం. పొడవు పెరిగింది వాదన పెద్దదయింది కాబట్టే తప్ప పుటలు నింపడానికి కాదని గ్రహించడానికి చాలామందికి ఒక సెమిస్టరు పడుతుంది, ఆ సెమిస్టరు మార్కులు కాస్త తగ్గుతాయి. గ్రాడ్యుయేట్ కోర్సులలో ‘బి’ అనేది సాధారణంగా కనీస హద్దు, ‘సి’ వస్తే ఆ కోర్సు మాస్టర్స్ ఖాతాలో పడకపోవచ్చు. కనుక మొదటి గ్రాడ్యుయేట్ కోర్సును తనకు బాగా తెలిసిన ఆచార్యుడి దగ్గర, ఇష్టమైన కాలానికి చెందిన సాహిత్యంలో తీసుకోవడం పిరికితనం కాదు.

ఇంతకూ ఈ అయిదో ఏడు ఎవరికి? ఇంగ్లీషు చదివి ఏం చేస్తావన్న ప్రశ్న తెలుగు ఇళ్ళలో ఎలాగూ వస్తుంది, దానికి కోపం తెచ్చుకోవడం కన్నా కచ్చితమైన జవాబు సిద్ధం చేసుకోవడం మేలు. మాస్టర్స్ పట్టాకు స్పష్టమైన విలువ ఉన్న చోటు బోధన, అందులోనూ కమ్యూనిటీ కళాశాలలు, అంటే రెండేళ్ళ చదువు చెప్పే స్థానిక ప్రభుత్వ కళాశాలలు. దక్షిణాది రాష్ట్రాల విద్యాసంస్థలకు గుర్తింపునిచ్చే సదరన్ అసోసియేషన్ మార్గదర్శకాల ప్రకారం కళాశాల స్థాయిలో ఒక విషయం బోధించే అధ్యాపకుడికి మాస్టర్స్ పట్టాతో పాటు ఆ విషయంలో కనీసం 18 గ్రాడ్యుయేట్ క్రెడిట్లు ఉండాలి. ఈ 18 అనే అంకె జంట డిగ్రీ విద్యార్థికి అదనపు లాభం కూడా తెచ్చిపెట్టవచ్చు. ఆ అంకె దాటిన గ్రాడ్యుయేట్ విద్యార్థి, పట్టా చేతికి రాకముందే, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో మొదటి ఏటి రచనాభ్యాసపు తరగతికి తానే అధ్యాపకుడిగా ఉండే అర్హత పొందుతాడు; నాలుగో ఏటనే 12 సంపాదించినవాడు అయిదో ఏటి మొదటి సెమిస్టరు చివరికల్లా ఆ గీత దాటేస్తాడు. విభాగంలో అటువంటి అవకాశం ఉంటే ఒక సెమిస్టరు పాటు తరగతి నడిపిన అనుభవం ఉద్యోగపు దరఖాస్తులో మంచి మార్కుల కన్నా ఎక్కువ మాట్లాడుతుంది. హైస్కూలు విద్యార్థులకు కళాశాల క్రెడిట్ ఇచ్చే ‘డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్’ తరగతులు చెప్పడానికీ తరచుగా ఇదే అర్హత అడుగుతారు.

హైస్కూలు ఉపాధ్యాయ వృత్తి లెక్క వేరు. న్యూయార్క్ రాష్ట్రంలో మొదటి ధ్రువపత్రంతో ఉద్యోగంలో చేరినవారు శాశ్వత స్థాయి ధ్రువపత్రం కోసం అయిదేళ్ళలోగా మాస్టర్స్ సంపాదించాలి; అక్కడ ముందే ఎం.ఏ. ఉండటం పెద్ద ఊరట. నార్త్ కరోలినాలో మాస్టర్స్ ఉన్న ఉపాధ్యాయులకు ఇచ్చే అదనపు జీతాన్ని కొత్తవారికి నిలిపివేస్తూ 2013లోనే చట్టం వచ్చింది. రెండు రాష్ట్రాలలో ఒకే పట్టాకు రెండు విలువలన్నమాట. పైగా సాహిత్యంలో ఎం.ఏ. ఒక్కటే ప్రభుత్వ పాఠశాలలో బోధించే లైసెన్సు ఇవ్వదు. దానికి విద్యార్థి బోధన, అంటే బడిలో పర్యవేక్షణ కింద పాఠాలు చెప్పే సెమిస్టరు, తదితరాలు కావాలి. ప్రభుత్వ బడిలోనే పనిచేయాలని తేల్చుకున్నవారు అయిదో ఏడు సాహిత్యం ఎం.ఏ.కు బదులు ‘మాస్టర్ ఆఫ్ ఆర్ట్స్ ఇన్ టీచింగ్’ చేయడం సూటైన దారి. న్యాయశాస్త్రం వైపు వెళ్ళదలచినవారికి ఈ ఏడు దాదాపు అనవసరం. లా కళాశాలలు బ్యాచిలర్స్ మార్కులను, ప్రవేశ పరీక్షను చూస్తాయి, ఎం.ఏ. అడగవు.

పీహెచ్‌డీ సంగతి దగ్గర భారతదేశపు అలవాటు అమెరికాలో తప్పుదారి పట్టిస్తుంది. హైదరాబాదులోనో విశాఖపట్నంలోనో ఎం.ఏ. లేకుండా పీహెచ్‌డీ గడప తొక్కడం ఊహకందని తల్లిదండ్రులు, జంట డిగ్రీని పరిశోధనకు తప్పనిసరి మెట్టుగా భావిస్తారు. అమెరికాలో ఇంగ్లీషు పీహెచ్‌డీకి బ్యాచిలర్స్ నుంచి నేరుగా చేరవచ్చు, దారిలో ఎం.ఏ. కూడా చేతికొస్తుంది, అంతకన్నా ముఖ్యంగా, పేరున్న పీహెచ్‌డీ చదువులలో ఫీజు ఉండదు, బోధన పనికి ప్రతిగా జీవనభృతి ఇస్తారు, ఎం.ఏ.కు మాత్రం సాధారణంగా సొంత డబ్బు పెట్టుకోవాలి. పీహెచ్‌డీలో చేరాక పాత ఎం.ఏ. క్రెడిట్లలో కొన్నే చెల్లుతాయి, కొన్నిచోట్ల ఏవీ చెల్లవు. అయినా ఒక రకం విద్యార్థికి ఈ అయిదో ఏడు మేలు చేస్తుంది. ఇంగ్లీషు సాహిత్యానికి ప్రత్యేకంగా ఉండిన జీఆర్ఈ పరీక్షను 2021లో నిలిపివేసిన తరువాత ప్రవేశాలలో బరువంతా నమూనా వ్యాసం మీద, సిఫారసు లేఖల మీద పడింది. నాలుగో ఏటి శరదృతువులో, అంటే దరఖాస్తుల గడువు నాటికి, మంచి నమూనా వ్యాసం చేతిలో లేని విద్యార్థి, సాహిత్యంలోకి ఆలస్యంగా, అంటే రెండో ఏడు ముగిశాక వచ్చిన విద్యార్థి, ఒక సెమినార్ వ్యాసాన్ని థీసిస్‌గా పెంచుకుని ఏడాది తరువాత దరఖాస్తు పెడితే చాలా బలంగా నిలబడగలడు. 2008 మాంద్యం తరువాత అమెరికా కళాశాలలలో ఇంగ్లీషు ఆచార్యుల శాశ్వత ఉద్యోగాలు బాగా తగ్గిపోయి మళ్ళీ పూర్వస్థితికి రాలేదు కనుక, పీహెచ్‌డీ ఆలోచన ఉన్నవారు ఈ అయిదో ఏటిని తమ ఆసక్తికి ఒక పరీక్షగా కూడా వాడుకోవచ్చు: ఏడాది పాటు ఒకే విషయం మీద కూర్చోలేనివారు ఆరేళ్ళు కూర్చోలేరు.

డబ్బు లెక్కలో అందరూ చూసేది ఫీజు, చూడనిది విద్యార్థి ‘హోదా’. నాలుగో ఏట బ్యాచిలర్స్ విద్యార్థిగా ఉండగానే గ్రాడ్యుయేట్ కోర్సులు తీసుకుంటే చాలాచోట్ల వాటికి బ్యాచిలర్స్ రేటునే వసూలు చేస్తారు, ఈ చదువులో నిజమైన ఆదా అక్కడే ఉంది. ఎప్పుడైతే విశ్వవిద్యాలయం ఆ విద్యార్థిని గ్రాడ్యుయేట్ అని నమోదు చేస్తుందో అప్పటి నుంచి ఫెడరల్ సహాయం రూపం మారిపోతుంది. తక్కువ ఆదాయ కుటుంబాలకు తిరిగి చెల్లించనక్కరలేకుండా ఏడాదికి 7,395 డాలర్ల వరకు ఇచ్చే పెల్ గ్రాంటు బ్యాచిలర్స్ వారికి మాత్రమే, చదువుకునే రోజుల్లో వడ్డీని ప్రభుత్వమే భరించే రుణమూ వారికే. గ్రాడ్యుయేట్ విద్యార్థికి దొరికేది మొదటి రోజు నుంచే వడ్డీ పెరిగే రుణం, ఏడాదికి గరిష్ఠంగా 20,500 డాలర్లు. దానికి మించి కావలసినవారు ఇంతకాలం తీసుకున్న ‘గ్రాడ్ ప్లస్’ రుణం 2025 నాటి చట్టంతో 2026 జూలై 1 నుంచి కొత్తవారికి మూతపడుతుంది. బ్యాచిలర్స్ పట్టాను నాలుగో ఏటి చివర ఇస్తారా, రెండు పట్టాలూ కలిపి అయిదో ఏటి చివర ఇస్తారా అన్న చిన్న తేడా మీద అయిదో ఏటి సహాయమంతా ఆధారపడి ఉంటుంది. బ్యాచిలర్స్ కోసం ఇచ్చిన విశ్వవిద్యాలయపు స్కాలర్‌షిప్ ఎనిమిది సెమిస్టర్లతో ఆగిపోతుందా అన్నది రెండో ప్రశ్న. ఈ రెండింటికీ జవాబు ఆర్థిక సహాయ కార్యాలయం నుంచి ఈమెయిలులో రాతపూర్వకంగా తీసుకోవాలి. విభాగపు సలహాదారు మంచి మనసుతో చెప్పిన నోటిమాట ఫీజు బిల్లు మీద పనిచేయదు.

హెచ్-4 వీసా మీద పెరిగిన పిల్లలకు దీనికి తోడు ఇంకో గడియారం తిరుగుతూ ఉంటుంది. తల్లి లేదా తండ్రి హెచ్-1బి మీద ఆధారపడిన ఆ హోదా 21 ఏళ్ళు నిండగానే ముగుస్తుంది, ఆ వయసు సాధారణంగా మూడో ఏటిలోనో నాలుగో ఏటిలోనో వస్తుంది, అప్పటికి గ్రీన్‌కార్డు రాకపోతే చాలామంది ఎఫ్-1 విద్యార్థి హోదాకు మారుతారు. ఫెడరల్ సహాయం పౌరులకు, శాశ్వత నివాసులకు ఉద్దేశించినది కనుక పై పేరాలోని గ్రాంట్లు, రుణాలు వీరికి ముందునుంచీ లేవు. ఎఫ్-1 వారికి చదువు ముగిశాక తమ రంగంలో పనిచేసేందుకు ఇచ్చే ‘ఓపీటీ’ అనుమతి ఒక్కో పట్టా స్థాయికి 12 నెలలు. సాంకేతిక శాస్త్రాల వారికి దొరికే అదనపు 24 నెలలు సాహిత్యానికి వర్తించవు. మాస్టర్స్ స్థాయి ఓపీటీ వేరుగా దొరకడానికీ, బ్యాచిలర్స్ స్థాయిది వాడుకునే వీలుండటానికీ రెండు పట్టాలు ఏ తేదీల్లో ఇస్తారన్నది ఇక్కడ కూడా కీలకం. అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయాన్ని దరఖాస్తుకు ముందే సంప్రదించాలి, చేరిన తరువాత కాదు.

దరఖాస్తు మూడో ఏట పెట్టాలి, సాధారణంగా వసంత సెమిస్టరులో, 3.0 నుంచి 3.5 మధ్య ఎక్కడో ఒక సగటు హద్దు, రెండు మూడు సిఫారసు లేఖలు, పది పదిహేను పుటల నమూనా వ్యాసం అడుగుతారు. ఇందులో తెలుగు విద్యార్థులు తరచుగా తడబడేది లేఖల దగ్గర. ఏపీ క్రెడిట్లతో మొదటి ఏటి చిన్న తరగతులను దాటవేసినవారికి మూడో ఏటి నాటికి తమను పేరు పెట్టి పిలిచే ఆచార్యులు ఇద్దరు కూడా ఉండకపోవచ్చు. పెద్దల ముందు అడగనిదే మాట్లాడకపోవడం మర్యాద అని పెరిగిన పిల్లలు ఆచార్యుడి ‘ఆఫీస్ అవర్స్’కు, అంటే విద్యార్థుల కోసం గది తలుపు తెరిచి ఉంచే గంటలకు, వెళ్ళడాన్ని మార్కుల కోసం బతిమాలడంగా భావిస్తారు, అక్కడ అది పాఠంలో భాగం. రాసిన వ్యాసంలోని ఒక పేరా పట్టుకుని వెళ్ళి ఇక్కడ వాదన ఎందుకు జారిందని అడిగిన విద్యార్థిని ఏ ఆచార్యుడూ మరచిపోడు. కోర్సుల అంకెలు చదవడం కూడా నేర్చుకోవాలి: టెక్సాస్‌లోని పలు ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో నాలుగంకెల కోర్సు సంఖ్యలో మొదటి అంకె స్థాయిని, రెండో అంకె క్రెడిట్లను చెబుతుంది కనుక 4తో మొదలయ్యేది నాలుగో ఏటిది, 6తో మొదలయ్యేది గ్రాడ్యుయేట్‌ది. బ్యాచిలర్స్‌లో వాడుకున్న ఉమ్మడి క్రెడిట్లను వేరే విశ్వవిద్యాలయపు ఎం.ఏ.లో చెల్లుబాటు చేసుకోవడం చాలాచోట్ల కుదరదని, మధ్యలో మానుకుంటే బ్యాచిలర్స్ పట్టాతో గౌరవంగా బయటికి రావచ్చని కూడా దరఖాస్తు నాటికే తెలిసి ఉండాలి.

చివరి ఏటి ముఖ్యమైన పని థీసిస్, అంటే సాధారణంగా 6 క్రెడిట్ల విలువైన దీర్ఘ పరిశోధన వ్యాసం. కొన్ని విభాగాలు దానికి బదులు సమగ్ర పరీక్షను గానీ రెండు పెద్ద వ్యాసాలను గానీ అనుమతిస్తాయి. వేగంగా ముగించాలనే తొందరలో పరీక్షను ఎంచుకునేవారు ఎక్కువ, అది సమర్థించదగిన నిర్ణయమే గానీ రెండు ఆకర్షణలను వదులుకున్నట్టవుతుంది. మొదటిది గ్రంథాగారాలు. జార్జ్ మేసన్ విద్యార్థికి అందుబాటు దూరంలో, వాషింగ్టన్ నగరంలో, 1932లో తెరిచిన ఫోల్జర్ షేక్‌స్పియర్ గ్రంథాలయం ఉంది. షేక్‌స్పియర్ నాటకాల 1623 నాటి తొలి సంకలనపు ప్రతులు 82 అక్కడే ఉన్నాయి, మరమ్మతుల తరువాత అది 2024లో మళ్ళీ తలుపులు తెరిచింది.

రెండోది తెలుగు. చాలా ఇంగ్లీషు ఎం.ఏ.లు రెండో భాషలో పఠన సామర్థ్యం అడుగుతాయి, ఫ్రెంచి, జర్మన్ పేర్లే జాబితాలో కనబడతాయి గానీ, పరిశోధనకు సంబంధం చూపిస్తే ఇతర భాషలను అంగీకరించే విభాగాలు ఉన్నాయి. 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడి వంటి చోట తెలుగు చదవడం, రాయడం నేర్చుకున్న విద్యార్థి ఈ సంగతి సిగ్గుపడకుండా అడగాలి. తెలుగు చదవగలిగిన ఇంగ్లీషు విద్యార్థికి దొరికే థీసిస్ విషయాలు ఇతరులకు దొరకవు. ఒక్క ఉదాహరణ చాలు. గురజాడ ‘కన్యాశుల్కం’ 1897లో అచ్చయినప్పుడు ఆయన ఆ తెలుగు నాటకానికి పీఠిక ఇంగ్లీషులో రాశారు. నాటకం లోపల గిరీశం తెలుగు మధ్య ఇంగ్లీషు దొర్లించడంలోనే సగం హాస్యం ఉంది. వెల్చేరు నారాయణరావు దానిని ‘గర్ల్స్ ఫర్ సేల్’ పేరుతో ఇంగ్లీషులోకి తెచ్చారు, 2007లో ఇండియానా విశ్వవిద్యాలయ ముద్రణాలయం ప్రచురించింది. అందరూ ఇంగ్లీషే మాట్లాడే అనువాదంలో గిరీశం ఇంగ్లీషు ఎలా వేరుగా వినబడుతుంది, వలస పాలన నాటి ఆ భాషా దర్పం అమెరికా పాఠకుడికి ఏ గుర్తుల ద్వారా తెలుస్తుంది అన్న ప్రశ్న అనువాద సిద్ధాంతానికి, వలసానంతర విమర్శకు, నాటక అధ్యయనానికి ఒకేసారి చెందుతుంది, దానికి జవాబు వెతకడానికి మూలాన్నీ అనువాదాన్నీ పక్కపక్కన పెట్టుకుని చదవగల కన్ను కావాలి.

అటువంటి థీసిస్‌కు చిక్కు పరిశీలక సంఘం దగ్గర వస్తుంది. థీసిస్‌ను పరిశీలించే ముగ్గురు ఆచార్యులలో ఒకరికైనా తెలుగు రావాలి, ఇంగ్లీషు విభాగంలో అటువంటివారు దాదాపు ఉండరు. చాలా విశ్వవిద్యాలయాలు బయటి పరిశీలకుడిని అనుమతిస్తాయి కనుక అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో తెలుగు సంస్కృతి, సాహిత్యం, చరిత్రల కోసం నెలకొల్పిన కొప్పాక ఆచార్య పీఠం వంటి చోట్ల నుంచి, దక్షిణాసియా అధ్యయన విభాగాలలో తెలుగు చెప్పేవారి నుంచి ఒకరిని కోరవచ్చు. ఆ అభ్యర్థన అయిదో ఏటి ఆగస్టులో కాక నాలుగో ఏటి వసంతంలో వెళ్ళాలి, వెంట రెండు పుటల ప్రతిపాదన, మూలం నుంచి తాను స్వయంగా అనువదించిన ఒక దృశ్యం జతచేయాలి. బయటి పరిశీలకుడి నియామకానికి గ్రాడ్యుయేట్ కార్యాలయపు ఆమోదం, దానికి వేరే ఫారం, ఆ ఫారానికి వేరే గడువు ఉంటాయి; రక్షణ పరీక్ష, అంటే సంఘం ముందు థీసిస్‌ను సమర్థించుకునే సమావేశం, మే నెల పట్టాకు సాధారణంగా మార్చి, ఏప్రిల్ నెలల్లోనే ముగియాలి కనుక, అయిదో ఏడు క్యాలెండరులో పన్నెండు నెలలున్నా రాతకు దొరికేవి ఏడు నెలలు.